మూడో వంతు చుక్క: పికప్ బండిలో ఇంజెక్షన్ పంపు ఏం చేస్తుంది?

(హన్మకొండలో పికప్ డ్రైవర్లు, మెకానిక్‌లు, ఐటీఐ డీజిల్ మెకానిక్ విద్యార్థుల ముందు ఒక పంపు మెకానిక్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను చేతిలో పట్టుకుని చూపించేవన్నీ వేలెడంత సామాన్లు. అంత దూరం నుంచి కనబడవు.

ఈ హాల్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బోరాలు వేసుకొచ్చే అన్నలున్నారు. పరకాల, నర్సంపేట వైపు నుంచి పత్తి తెచ్చేవాళ్లున్నారు. ములుగు, ఏటూరునాగారం రోడ్డు మీద రాత్రింబవళ్లు తిరిగేవాళ్లున్నారు. మీ అందరి నోట నేను ఎక్కువగా వినే మాట ఏంటంటే, "పంపు పోయినట్టుంది". బండి ఎత్తు ఎక్కకపోతే పంపు పోయింది. పొగ కొడితే పంపు పోయింది. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోతే పంపు పోయింది. నిజంగా పోయిందా? విప్పేముందు ఆ ప్రశ్న వేసుకోవాలి కదా. వేసుకోవాలంటే అసలు పంపు చేసే పని ఏంటో తెలిసి ఉండాలి.

మనం ఇంజెక్షన్ పంపు అంటే డీజిల్‌ను గట్టిగా తోసే మిషన్ అనుకుంటాం. తోస్తుంది, నిజమే. కానీ దాని అసలు గొప్పతనం కొలతలో ఉంది. ఎంత డీజిల్, ఏ క్షణంలో అనే లెక్క. ఆ లెక్క తప్పితే ఇంజిన్‌లో మిగతావన్నీ కొత్తవైనా బండి బండిలా ఉండదు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ కొలత గురించే.

ముందు ఒక ప్రశ్న. పెట్రోల్ బండికి ప్లగ్ ఉంటుంది. నిప్పురవ్వ వస్తుంది, మంట అంటుకుంటుంది. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్ ఏది? హీటర్ ప్లగ్ అంటున్నాడు ఒక తమ్ముడు. మంచి మాట, కానీ అది చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసేదాకా వేడి ఇచ్చేదే. బండి నడుస్తున్నప్పుడు మంట పెట్టేది ఎవరు? గాలి. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నొక్కేస్తుంది. 16, 18 వంతుల గాలి ఒక వంతు జాగాలోకి వచ్చేస్తుంది. పాత ఇంజిన్లలో 20 వంతులకు పైనే. అంతలా నొక్కితే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్ సన్నటి మంచులా పడగానే దానంతట అదే అంటుకుంటుంది.

అంటే ఏమైంది? పెట్రోల్ ఇంజిన్‌లో మంట ఎప్పుడు పెట్టాలో ప్లగ్ చెబుతుంది, ఎంత పెట్రోల్ పోవాలో పాత బండ్లలో కార్బురేటర్ చెప్పేది. డీజిల్ ఇంజిన్‌లో ఈ రెండు పనులూ పంపు నెత్తినే పడ్డాయి. డీజిల్ ఎప్పుడు లోపలికి పోతే అప్పుడే మంట. ఎంత పోతే అంత బలం. డీజిల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్‌తో కదిలి గాలిని ఆపే తలుపు ఉండదని గుర్తుపెట్టుకోండి. గాలి ఎప్పుడూ నిండుగానే పోతుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే మారేది డీజిల్ ఒక్కటే.

రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో తన ఇంజిన్‌ను నడిపి చూపించాడు. ఆ ఇంజిన్‌కు మనం అనుకునే పంపు లేదు. గాలిని బాగా కుదించి, ఆ గాలితో ఇంధనాన్ని లోపలికి ఊదేవాళ్లు. దానికి ఇంకో కంప్రెసర్ కావాలి. ఫ్యాక్టరీలో, ఓడలో పెట్టుకోవచ్చు. లారీ మీద పెట్టగలమా? అందుకే ఇంజిన్ పుట్టి చాలా ఏళ్లయినా రోడ్డెక్కడం కష్టమైంది. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో పంపు మీద పని మొదలుపెట్టి 1927లో తయారీకి దిగింది. లారీకి డీజిల్ ఇంజిన్ మామూలు విషయం కావడానికి ఆ చిన్న పంపు దారి తీసింది. మన దేశంలో అదే కంపెనీ 1951లో మైకో పేరుతో బెంగళూరులో వచ్చింది. 2008లో పేరు బాష్ అయింది కానీ, మన పాత డ్రైవర్లు ఇప్పటికీ "మైకో పంపు" అనే అంటారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి, ఈ లెక్క మీరే వేయాలి. పికప్ బండి 50 కిలోమీటర్ల స్పీడులో పోతోంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తోంది అనుకుందాం. గంటకు ఎంత డీజిల్ తాగింది? 50ని 12తో భాగిస్తే 4 లీటర్ల పైన కొంచెం. 4,170 మిల్లీలీటర్లు అనుకోండి. ఇంజిన్ 2,000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ పడుతుంది. అంటే ఒక్కో సిలిండర్‌కు నిమిషానికి 1,000 సార్లు. నాలుగు సిలిండర్లకు 4,000 సార్లు. గంటకు? 2,40,000 సార్లు. ఇప్పుడు 4,170 మిల్లీలీటర్లను 2,40,000 భాగాలు చేయండి. ఒక్కోసారి పడే డీజిల్ 0.017 మిల్లీలీటరు. అంటే 17 ఘనపు మిల్లీమీటర్లు.

అది ఎంతో కంటికి కనబడేలా చెప్తా. కంట్లో మందు వేసుకునే చుక్క చూశారు కదా, అలాంటి చుక్కలు 20 అయితే దాదాపు ఒక మిల్లీలీటరు. అంటే ఒక చుక్క 50 ఘనపు మిల్లీమీటర్లు. పంపు ఒక్కోసారి పంపేది అందులో మూడో వంతు. మూడో వంతు చుక్క! దాన్ని నాలుగు సిలిండర్లకు సమానంగా పంచాలి. ఒకదానికి రెండు మూడు ఘనపు మిల్లీమీటర్లు ఎక్కువైతే, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఊగడం మొదలవుతుంది. మీరు స్టీరింగ్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది.

టైమ్ సంగతి ఇంకా గట్టిది. 2,000 ఆర్‌పీఎం అంటే క్రాంక్ సెకనుకు 33 చుట్లు, డిగ్రీల లెక్కన 12,000 డిగ్రీలు తిరుగుతుంది. డీజిల్ కొట్టే సమయం 24 డిగ్రీలు అనుకుంటే, సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలు. ఈ రెండు ముక్కల్లో మొదలుపెట్టాలి, మంచులా చిమ్మాలి, తుంచినట్టు ఆపేయాలి. కొంచెం ముందు కొడితే ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది, పిస్టన్ మీద దెబ్బ. ఆలస్యంగా కొడితే తెల్ల పొగ, మైలేజీ పడిపోవడం, సైలెన్సర్ వేడెక్కడం. బోల్టులు వదులు చేసి పంపును చేత్తో ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పి, చెవితో విని "సెట్ అయింది" అనడం నేను ఒప్పుకోను. డయల్ గేజీ పెట్టాలి, కంపెనీ చెప్పిన అంకె చూడాలి.

ఎలిమెంట్‌ను దగ్గరగా చూద్దాం

ఇదిగో, ఇది పాత వరుస పంపులోది, అంటే సిలిండర్‌కు ఒకటి చొప్పున ఇలాంటివి వరుసగా ఉండే పంపు. దీన్ని మనం ఎలిమెంట్ అంటాం. ఇది బ్యారెల్, ఇది అందులో ఆడే ప్లంజర్. చేతులు తుడుచుకుని చూడండి, ప్లంజర్ మధ్యలో పట్టుకోకండి, చివర పట్టుకోండి. ఈ రెండింటి మధ్య ఖాళీ ఎంతో తెలుసా? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలు. అంటే రెండు మూడు మైక్రాన్లు. ఇందులో రబ్బరు వాషర్ లేదు, రింగు లేదు. లోహానికి లోహం అంత దగ్గరగా ఉంటేనే డీజిల్ వెనక్కి కారకుండా వందల బార్ల ఒత్తిడి లేస్తుంది. అందుకే ఏ బ్యారెల్‌తో పుట్టిన ప్లంజర్ ఆ బ్యారెల్‌తోనే ఉండాలి. సర్వీస్ చేసేటప్పుడు నాలుగు ప్లంజర్లు ఒకే డబ్బాలో వేసి కడిగితే పని అక్కడే చెడింది. తమ్ముళ్లూ, ఐటీఐ నుంచి బయటికి వచ్చాక ఇది మర్చిపోవద్దు.

ఇప్పుడు చూడండి, ప్లంజర్‌ను శుభ్రమైన డీజిల్‌లో ముంచాను. బ్యారెల్‌ను ఇలా వాలుగా పట్టుకుని ప్లంజర్‌ను కొంచెం బయటికి లాగి వదిలాను. చూశారా? తన బరువుతో తానే నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. మంచి ఎలిమెంట్ అంటే ఇదీ. ఇక ఈ రెండోది చూడండి. ఇది నీళ్లు కలిసిన డీజిల్ తాగిన ఎలిమెంట్. పైభాగంలో అద్దంలా మెరవాల్సిన చోట బూడిదరంగు నిలువు గీతలు కనబడుతున్నాయి. వేలి గోరుతో మెల్లగా గీస్తే తగులుతుంది. ఈ గీతల్లోంచే డీజిల్ వెనక్కి జారిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ తక్కువ స్పీడులో తిరుగుతుంది కాబట్టి జారిపోవడానికి టైమ్ ఎక్కువ దొరుకుతుంది. అందుకే ఎలిమెంట్ అరిగితే మొట్టమొదట తెలిసేది స్టార్టింగ్‌లోనే. నెట్టి స్టార్ట్ చేస్తే మంచిగానే పోతుంది అంటారు కదా, కారణం అదీ.

మరి కొలత ఎలా మారుతుంది? కింద తిరిగే క్యామ్, అంటే ఒక పక్క ఉబ్బెత్తుగా ఉండే చక్రం, ప్లంజర్‌ను ఎప్పుడూ ఒకే ఎత్తుకు లేపుతుంది. అది మారదు. ఇక్కడ ప్లంజర్ ఒంటి మీద వంకరగా కోసిన గాడి ఉంది చూడండి, దీన్ని హెలిక్స్ అంటారు. ప్లంజర్ పైకి లేస్తూ బ్యారెల్ రంధ్రాన్ని మూసిన క్షణంలో ఒత్తిడి మొదలు. ఈ వంకర గాడి అంచు ఆ రంధ్రం దగ్గరికి రాగానే పైన ఉన్న డీజిల్ గాడిలోంచి వెనక్కి పోతుంది, ఇంజెక్షన్ బంద్. మీరు యాక్సిలరేటర్ తొక్కితే పంపులో రాక్ అనే కడ్డీ జరుగుతుంది, రాక్ ప్లంజర్‌ను కొంచెం తిప్పుతుంది. తిరిగితే వంకర అంచు రంధ్రాన్ని కలిసే ఎత్తు మారుతుంది. ముందే కలిస్తే తక్కువ డీజిల్, ఆలస్యంగా కలిస్తే ఎక్కువ. ఇంజిన్ ఆపాలంటే నిలువు గాడి నేరుగా రంధ్రానికి ఎదురుగా వస్తుంది, ఇక ప్లంజర్ ఎంత ఎగిరినా చుక్క పోదు. ఒక వంకర గాడితో ఇంత పని చేయించిన బుర్రకు నేను దండం పెడతాను.

దీని పైన డెలివరీ వాల్వ్ ఉంటుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇంజెక్షన్ అయిపోగానే ఇది వెనక్కి కూర్చుంటూ పైపులోంచి కొంచెం డీజిల్‌ను లాక్కుంటుంది. పైపులో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ టక్కున మూసుకుంటుంది. ఈ వాల్వ్ చెడితే నాజిల్ మూసుకునేముందు చుక్క కారుతుంది. కారిన చుక్క మంచులా చిమ్మదు కాబట్టి పూర్తిగా కాలదు. నల్ల పొగ, నాజిల్ మూతి మీద మసి. అప్పుడు మనం నాజిల్ మారుస్తాం, నెలకు మళ్లీ అదే కథ. నాజిల్ రెండోసారి పోయిందంటే డెలివరీ వాల్వ్ చూడండి.

గవర్నర్ గురించి రెండు మాటలే చెప్తా. గాలి ఎప్పుడూ నిండుగా దొరికే ఇంజిన్‌కు డీజిల్ కొంచెం ఎక్కువైతే అది స్పీడ్ అందుకుంటూనే పోతుంది. దాన్ని పట్టి ఉంచేది గవర్నర్‌లో తిరిగే బరువులు, వాటికి ఎదురు నిలిచే స్ప్రింగు. స్పీడ్ పెరిగితే బరువులు విచ్చుకుని రాక్‌ను వెనక్కి లాగుతాయి. రాక్ ఫుల్‌లో పట్టేసిందంటే ఇంజిన్ పగిలేదాకా తిరుగుతుంది. అందుకే రాక్ వేలితో కదిపితే తేలికగా కదలాలి.

కాజీపేట వాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. మీ డీజిల్ లోకోషెడ్‌లో ఒకప్పుడు ఉండిన డబ్ల్యూడీఎం-2 లాంటి రైలు ఇంజిన్లలో, అంటే ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైన్‌వాటిలో, 16 సిలిండర్లు. 16 సిలిండర్లకు 16 విడివిడి పంపులు. ఒక్కో సిలిండర్ పక్కన ఒక్కో పంపు, లోపల ఇదే ప్లంజర్, ఇదే వంకర గాడి. 2,600 హార్స్‌పవర్ రైలు ఇంజిన్‌కూ, మన సామాను బండికీ లెక్క ఒకటే. తేడా సైజులోనే.

పికప్‌లకు తర్వాత వచ్చింది రోటరీ పంపు. దీనిలో నాలుగు సిలిండర్లకు నాలుగు ఎలిమెంట్లు ఉండవు, ఒకే ప్లంజర్. అది తిరుగుతుంది, తిరుగుతూ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. కొట్టిన ప్రతిసారీ దాని గాడి ఒక్కో సిలిండర్ దారికి ఎదురుగా వస్తుంది. బాష్ వీఈ పంపు అంటే ఇదే. చిన్నది, తేలిక, ధర తక్కువ. ఒకే ప్లంజర్ కొలుస్తుంది కాబట్టి నాలుగింటికీ పంపకం సమానంగా ఉంటుంది. స్పీడ్ పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి పెరిగి, ఒక చిన్న పిస్టన్‌ను తోసి, టైమింగ్‌ను దానంతట అదే ముందుకు జరుపుతుంది. కీ తిప్పి బంద్ చేస్తే సోలినాయిడ్ అనే ఒక కరెంటు వాల్వ్ డీజిల్ దారి మూసేస్తుంది. ఆ సోలినాయిడ్‌కు వైరు ఊడినా బండి స్టార్ట్ కాదు. పంపు విప్పేముందు ఆ వైరు చూడండి, అన్నా. కీ ఆన్ చేస్తే అక్కడ టిక్కున చప్పుడు రావాలి.

వరుస పంపుకు కిందిభాగంలో ఇంజిన్ ఆయిల్ ఉంటుంది. రోటరీ పంపుకు అది కూడా లేదు. లోపల తిరిగే ప్రతి సామానుకూ డీజిలే ఆయిల్. ఈ ఒక్క మాట కోసమైనా ఇవాళ మీరు వచ్చింది దండగ కాదు. డీజిల్ మీకు ఇంధనం. పంపుకు అది ఇంధనమూ, ఆయిలూ రెండూ. కిరోసిన్ కలిపితే బండి నడుస్తుంది కదా అంటారు. నడుస్తుంది. కానీ కిరోసిన్‌లో జిడ్డు తక్కువ. లోపల లోహం లోహాన్ని తింటుంది.

మన ఎండాకాలం సంగతి చెప్పాలి. మే నెలలో మధ్యాహ్నం, బండి దూరం నుంచి వచ్చి మార్కెట్ గేటు దగ్గర ఆగింది. అరగంట తర్వాత సెల్ఫ్ కొడితే అందుకోదు. అప్పుడు ఏం చేస్తారు? పంపు మీద తడి గుడ్డ వేస్తారు, లేదా బాటిల్‌తో నీళ్లు పోస్తారు. కాసేపటికి స్టార్ట్ అవుతుంది. ఎంతమంది చేశారు? చేతులు చూస్తే సగం హాలు చేసినట్టుంది. ఎందుకు పనిచేస్తుందో ఆలోచించారా? వేడికి డీజిల్ పలచబడుతుంది. పంపు హెడ్, అంటే ప్లంజర్ ఆడే భాగం, అరిగి ఉంటే పలచటి డీజిల్ ఆ సందులోంచి జారిపోతుంది, ఒత్తిడి లేవదు. చల్లబడితే డీజిల్ మళ్లీ కొంచెం చిక్కబడుతుంది, అందుకే అందుకుంటుంది. అంటే ఆ నీళ్లు బండికి వైద్యం చేయలేదు. పంపు హెడ్ అరిగిందని మీకు కబురు చెప్పాయి. పైగా కాలుతున్న పంపు మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే పైన లోహం కుదించుకుని లోపల ప్లంజర్‌ను పట్టేసే ప్రమాదం ఉంది. తప్పనిసరైతే నీడలో ఆపి ఆగండి, తర్వాత పంపును టెస్ట్ బెంచ్ మీద పెట్టించండి. బెంచ్ మీద గ్లాసు గొట్టాల్లో స్ట్రోకులు లెక్కపెట్టి డీజిల్ పడుతుంది. తక్కువ స్పీడులో ఎంత, ఎక్కువ స్పీడులో ఎంత, ఏ సిలిండర్‌కు ఎంత అని అక్కడ కళ్లతో చూడవచ్చు. ఓనరు దగ్గర నిలబడి చూడాలి. చూస్తానంటే వద్దనే మెకానిక్ దగ్గర పంపు ఇవ్వకండి.

కామన్ రైల్ వచ్చాక ఏం మారింది

మీలో కొత్త బండ్లవాళ్లు ఇందాకటి నుంచి ఓపికగా కూర్చున్నారు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్, మనం ఛోటా హాథీ అనేది, రెండు సిలిండర్లు, 702 సీసీ, మెకానికల్ పంపు. తర్వాతి బొలేరో పికప్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌ల దగ్గరికి వచ్చేసరికి కామన్ రైల్. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగ మీద ప్రభుత్వ నిబంధన; బీఎస్-4 దేశమంతా 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 2020 ఏప్రిల్‌లో వచ్చాయి. పొగ నిబంధన బిగిసేకొద్దీ, క్యామ్ ఎత్తితేనే ఒత్తిడి లేచే పాత పద్ధతి సరిపోలేదు. ఎందుకు? పాత పంపులో ఒత్తిడి ఇంజిన్ స్పీడు మీద ఆధారపడుతుంది. స్లోగా ఉన్నప్పుడు ఒత్తిడి తక్కువ, తుంపర్లు లావు, పొగ ఎక్కువ.

కామన్ రైల్‌ను ఇలా అర్థం చేసుకోండి. ఊళ్లో వాటర్ ట్యాంకు ఉంటుంది. మోటారు పని దాన్ని నింపి ఉంచడమే. ఏ ఇంట్లో ఎప్పుడు, ఎంత నీళ్లు పట్టుకోవాలో నల్లా తిప్పేవాళ్ల ఇష్టం. ఇక్కడ పంపు మోటారు, రైల్ ట్యాంకు, ఇంజెక్టర్లు నల్లాలు, తిప్పే చెయ్యి ఈసీయూ, అంటే బండిలోని కంప్యూటర్. ఒత్తిడి పుట్టించే పని, కొలిచే పని విడిపోయాయి. 1997లో ఆల్ఫా రోమియో కారులో మొదట వచ్చినప్పుడు 1,350 బార్లు. తర్వాత 1,600, 2,000 దాటింది. మీ పికప్ వెనక టైరులో ఉండే గాలి నాలుగు బార్లు అటూ ఇటూ. లెక్క వేసుకోండి.

దీనివల్ల ఏం లాభం? అసలు డీజిల్‌కు ముందు ఒకటి రెండు ఘనపు మిల్లీమీటర్లు ముందుగా చిమ్మవచ్చు. దాన్ని పైలట్ ఇంజెక్షన్ అంటారు. చిన్న మంట ముందే ఉంటే పెద్ద డీజిల్ పడగానే మెత్తగా అంటుకుంటుంది. కొత్త బండి టకటకమనకుండా నడవడానికి పెద్ద కారణం అదీ. ఇందాక మూడో వంతు చుక్క అన్నాను. ఇప్పుడు ఆ మూడో వంతును కూడా ముక్కలు చేస్తున్నారు.

కానీ రోగం కనిపెట్టే పద్ధతి మారింది. కామన్ రైల్ బండి సెల్ఫ్‌లో అందుకోలేదంటే, చాలా బండ్లలో రైల్ ఒత్తిడి సుమారు 200 బార్ల దాకా లేవలేదని అర్థం. అది పంపు తప్పేనా? కాకపోవచ్చు. ఒక ఇంజెక్టర్ లోపల అరిగి రిటర్న్ లైన్లోకి డీజిల్‌ను వదిలేస్తుంటే పంపు ఎంత నింపినా నిండదు. అందుకే ముందు రిటర్న్ పైపులు తీసి, నాలుగు ఇంజెక్టర్లకు నాలుగు సీసాలు పెట్టి చూడాలి. ఒక సీసా మిగతావాటికంటే తొందరగా నిండితే దొంగ దొరికినట్టే. ఇంత చిన్న పరీక్ష చేయకుండా పంపు మార్పించుకుని వేలకు వేలు పోసినవాళ్లను చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అది ఒక సీజను కిరాయి డబ్బు.

డీజిల్ కూడా మారింది. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 350 వంతుల దాకా ఉండేది, బీఎస్-4లో 50, ఇప్పుడు బీఎస్-6లో 10. గంధకం తీసే పద్ధతిలో డీజిల్‌కు సహజంగా ఉండే జిడ్డు కూడా పోతుంది. అందుకే జిడ్డు కోసం మందు కలిపి, పరీక్ష చేసి పంపుతారు. దాన్ని మీరు టూ-స్ట్రోక్ బండ్లలో వాడే టూటీ ఆయిలో, కిరోసినో కలిపి పాడు చేయకండి. బీఎస్-6 బండికి సైలెన్సర్‌లో ఫిల్టర్ కూడా ఉంది, అదీ మూసుకుపోతుంది.

ఇక నీళ్లు. పంపులను చంపేవాటిలో నేను మొదట లెక్కపెట్టేది నీళ్లనే. వానాకాలం సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా బండి నిలబడితే లోపలి గాలిలోని తేమ చల్లబడి నీరవుతుంది. పొలం దగ్గర డ్రమ్ములో ఉంచిన డీజిల్, కడగని గరాటు, యూరియా మోసిన క్యాను, వీటితో ఇంకా వస్తుంది. మేడారం జాతరకు పోయేటప్పుడు క్యాన్లలో డీజిల్ పెట్టుకుపోయేవాళ్లు ఈ క్యాన్ల సంగతి గుర్తుంచుకోండి. డీజిల్ కంటే నీళ్లు బరువు, కాబట్టి అడుగున చేరతాయి. పంపులోకి పోతే డీజిల్ పొర తెగిపోయి లోహం లోహానికి తగులుతుంది, తుప్పు పడుతుంది. రెండు మైక్రాన్ల సందులో తుప్పు పడితే ఏం మిగులుతుంది? ఫిల్టర్ గిన్నె కింద ఒక స్క్రూ ఉంటుంది. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే దాన్ని కొంచెం వదులు చేసి గ్లాసులోకి పట్టండి. నీళ్లు అడుగున విడిగా కనబడతాయి. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా పోనిచ్చి బిగించండి. వానాకాలంలో వారానికోసారి చేయండి. ఫిల్టర్ విషయంలో వంద, రెండొందలు మిగుల్చుకోవాలని చూడకండి. కామన్ రైల్ ఫిల్టర్ ఆపాల్సింది నాలుగైదు మైక్రాన్ల దుమ్మును. పైకి చూడటానికి ఒకేలా ఉండే చౌక ఫిల్టర్ లోపల ఆ కాగితం ఉండదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పాత పంపులకు ఫుల్ లోడ్ స్క్రూ ఉంటుంది, సీల్ వేసి ఉంటుంది. "అన్నా, లోడ్ లాగట్లేదు, కొంచెం డీజిల్ పెంచు" అంటారు. సీల్ తెంచి అరచుట్టు తిప్పితే బండి నిజంగానే లాగుతుంది. వారం రోజులు సంతోషం. కానీ గాలి పెరగలేదు కదా? ఎక్కువైన డీజిల్ కాలక నల్ల పొగవుతుంది, కాలింది ఎక్కువ వేడి ఇస్తుంది. పిస్టన్ తల కరిగేదాకా, హెడ్ పగిలేదాకా పోతుంది. లోడ్ లాగకపోతే ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో పైపు, క్లచ్ చూడండి. స్క్రూ జోలికి పోకండి.

ప్రశ్నలు అడగండి, టైమ్ ఉంది. ఆ తమ్ముడు అడుగుతున్నాడు: "పైపు ఎక్కడ లీకవుతుందో చేత్తో తడిమి చూడొచ్చా?" మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. వద్దే వద్దు. ఆ ఒత్తిడిలో సన్నటి తీగలా వచ్చే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. బయట సూది గుచ్చినంత గుర్తు మాత్రమే ఉంటుంది, మొదట నొప్పి కూడా అంతగా ఉండదు. కొన్ని గంటల్లో లోపల కండ చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అట్లాంటిది జరిగితే కట్టు కట్టుకుని ఇంటికి పోవద్దు. నేరుగా ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోయి, "ప్రెజర్ డీజిల్ లోపలికి దూరింది" అని ఆ మాటలతోనే చెప్పండి. లీకు చూడాలంటే అట్టముక్క పట్టండి, మరక పడితే తెలుస్తుంది.

ఆ అన్న: "డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టింది, నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడతాం. కొత్త బండికి కూడా అంతేనా?" కాదన్నా. పాత పంపుకు సరే. ముందు హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఫిల్టర్ దగ్గర బుడగలు పోయేదాకా తీయాలి, ఆ తర్వాత నాజిల్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. కామన్ రైల్‌లో ప్రెజర్ పైపు నట్టు ముట్టుకోవద్దు. ఇంజిన్ ఆపాక కూడా కొన్ని నిమిషాలు లోపల ఒత్తిడి ఉంటుంది. ఆ పైపు ఒకసారి విప్పితే మళ్లీ కొత్తదే వేయమని చాలా కంపెనీలు చెబుతాయి. ప్రైమర్ బల్బు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. ట్యాంకులో కరెంటు పంపు ఉంటే కీ ఆన్ చేసి కాసేపు ఆగి ఆఫ్ చేయండి, నాలుగైదుసార్లు. తర్వాత పది సెకన్లకు మించకుండా సెల్ఫ్ కొట్టి, అరనిమిషం ఆగి మళ్లీ కొట్టండి. అన్నిటికంటే ముందు, ముల్లు రిజర్వు గీత మీదికి వచ్చినప్పుడు బంకు దగ్గర ఆపండి. ఎందుకంటే ఎయిర్ పట్టిన ఆ కాసేపు మీ పంపు ఆయిల్ లేకుండా తిరుగుతోంది.